ఆ కొమ్మలు జరిపింది నేనే

పన్నెండేళ్ల క్రితం ఒక విచారణలో నేను నాలుగు జవాబులు చెప్పాను. నాలుగూ నిజాలే. "ఆ రోజు పొద్దున నీళ్లలో హద్దు కొమ్మలు ఎవరు పాతారు?" అని అడిగారు. బెస్త కాక పాతాడన్నాను. "ఎప్పుడూ ఆయనే పాతుతాడా?" ఆయనే అన్నాను. "పాతుతుంటే నువ్వు చూశావా?" చూశానన్నాను. "మునిగిన మనిషి కొమ్మలు దాటి వెళ్లాడా?" దాటలేదన్నాను. అంతే, కూర్చోమన్నారు. పాతిన తర్వాత వాటిని ఎవరైనా కదిలించారా అని ఎవరూ అడగలేదు. అడగని దానికి జవాబు చెప్పాల్సిన పని నాకేమిటని కూర్చుండిపోయాను.

కదిలించింది నేను. నాలుగు కొమ్మలు పీకి, పది అడుగులు లోతువైపు తీసుకుపోయి, మళ్లీ పాతాను.

ఇప్పటికీ మా గనుల్లో ఎవరి అంచనా తప్పినా "కాక కొమ్మ పాతినట్టు పాతినవ్" అని నవ్వుతారు. అనేవాళ్లలో సగం మందికి ఆ కాక ఎవరో తెలియదు. ఆయన అంచనా తప్పలేదు. కనీసం ఆ ఒక్క సంగతి కాగితం మీద ఉండాలని ఇది రాస్తున్నాను.

నేను పెద్దపల్లి పక్క పల్లెలో సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టాను. గోదావరిఖని అప్పుడప్పుడే ఊరవుతోంది. మొదట బొగ్గెత్తే కూలీగా దిగాను, తర్వాత పరీక్ష రాసి సర్దారునయ్యాను. సర్దారు షిఫ్టు మొదట్లో అందరికంటే ముందు లోపలికి వెళ్లి, చేతికర్రతో పైకప్పు తట్టి చూడాలి. గట్టి రాయి కంగుమంటుంది. పొర విడిన చోట పగిలిన కుండలా పలుకుతుంది. నేను "మంచిగుంది" అంటే ఇరవై మంది ఆ కప్పు కింద కూర్చుని పని మొదలుపెట్టేవారు. నాకింకా ముప్పై నిండలేదు. ఆ నమ్మకం నా తలకెక్కింది.

వారం సెలవును మా దగ్గర ప్లేడే అంటారు. ఆరు రోజులు చీకట్లో వంగి పని చేసిన మనుషులు ఆ ఒక్క రోజూ గోదావరి వైపు నడిచేవాళ్లు. ఖనికి దగ్గర్లో, ఒడ్డు మీద ఒక చిన్న ఊరుంది. పేరు రాయను. మొదట సైకిళ్ల మీద నలుగురం వెళ్లేవాళ్లం. రెండేళ్లు తిరిగేసరికి కుటుంబాలు, వంటగిన్నెలు, వాలీబాల్ వల, మైకు సెట్టు, వీటన్నిటినీ మోయడానికి లారీ. మేం ఐదుగురం కలిసి కమిటీ అని పేరు పెట్టుకున్నాం. పెద్దమనిషిని నేను.

ఊరి మొగదల చాయ్ హోటల్ ఉండేది. మేం దిగగానే అక్కడ మాటలు మొదలయ్యేవి.

"అచ్చిండ్లా బొగ్గుబాయి దొరలు!" అనేవాడు హోటలాయన, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ. "మీరు అచ్చేది మా కోళ్లకు సుత తెలుస్తది. శనివారం పొద్దూకంగనే గంప కిందికి దూరుతయ్, మల్ల సోమారం దాక బయటికి రావు."

"మేం రాకుంటె నీ చాయ్ ఎవలు తాగుతరే?" అనేవాళ్లు మావాళ్లు.

"తాగుతరు తియ్. ఊరికి చాయ్ అలవాటు చేసిందే మీరాయె. చంటిపిల్లలకు పాలు దొరుకుతలేవు, అన్ని నా గిన్నెలకే అస్తున్నయని నా పెండ్లామే నన్ను తిడుతది."

బట్టల మూట నెత్తిన పెట్టుకుని పోయే ఆడవాళ్లు ఆగి మరీ అనేవాళ్లు. "ఐతారం గోదారి మాది కాదాయె. గా మైకేంది, గా కేకలేంది! ఆడోళ్లు నీళ్లల్ల దిగాల్నా వద్దా?" ఇసుక మేటల్లో పుచ్చ వేసుకున్న ముసలాయన ఒకడు ప్రతివారం ఒకటే మాట. "కాయ తింటె తిన్నరు, తీగెలెందుకు తొక్కుతరు బిడ్డా? కాయలకు కాళ్లుంటె నేనే మీకెదురు తోలెటోన్ని." మేం నవ్వేవాళ్లం, వాళ్లూ నవ్వేవాళ్లు. మధ్యాహ్నానికి అదే ముసలాయన మాకు కాయలు కోసి పెట్టేవాడు, ఆ ఆడవాళ్లే చేపలు వేయించి అమ్మేవాళ్లు. గాజు సీసాలు మాత్రం ఇసుకలో మిగిలిపోయేవి. సోమవారం ఎవరికో ఒకరికి కాలు తెగేది.

ఈ మాటల్లో కలవని మనిషి, ఊరంతా చిన్నాన్న వరసతో పిలిచే కాక. వయసు యాభై దాటి ఉంటుంది. బెస్తవాడలో చివరి ఇల్లు. గోదావరి అడుగు ఏ వారానికావారం మారుతుంది కాబట్టి ప్లేడే పొద్దున, మేం నీళ్లలో దిగకముందే, ఆయన చంకలో వావిలి కొమ్మలు పెట్టుకుని దిగేవాడు. ఎండ్రకాయలా పక్కకు నడుస్తూ, ఒక్కో పాదం మోపి ఆగేవాడు. అరికాలి కింద ఇసుక కదలకుండా ఉంటే "పండుకున్నది" అనేవాడు. వేళ్ల సందుల్లోంచి జారిపోతుంటే "పారుతున్నది". పండుకున్న ఇసుక అయిపోయే చోటికి చాలా ఇవతలే కొమ్మ పాతేవాడు. ఈత రానివాళ్లు, పిల్లలు కొమ్మలకు ఇవతలే ఉండాలి. ఇదంతా చెయ్యమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. జాతర రోజుల్లో వాళ్ల నాయన అలాగే పాతేవాడట.

ఒకసారి నేను ఆయనకు నా చేతికర్ర ఇవ్వబోయాను.

"గట్ల ఎందుకు తిప్పలు కాకా? కట్టెతోటి పొడిచి చూస్తె అయిపాయె."

"కట్టె నీది, గోదారి నాది, సర్దార్. గట్టిదేదో కట్టెకు తెలుస్తది. నిలవడేదేదో పాదానికే తెలుస్తది."

"మా కాడ గీ కట్టె మీదనే పానాలు నిలవడుతున్నయ్."

"మీ కాడ రాయి. రాయి మాట మీదుంటది. ఇసుకకు మాట లేదు."

ఆయన భార్య, మేం చిన్నమ్మా అని పిలిచే ఆమె, పొయ్యి దగ్గర నుంచి అందుకుంది. "గా పాదాల మీదున్న ప్రేమ నా మీద లేదు సర్దార్. పెండ్లయిన కాన్నించి చూస్తున్న, మొఖం కడుగకున్నా కాళ్లు కడుగుతడు."

ఆ వేసవిలో ఇసుక లారీలు వచ్చాయి. ఖనిలో లేస్తున్న కట్టడాలకు ఎవరో గుత్తేదారు ఇసుక తోలుతున్నాడు. పొద్దున తవ్విన గుంతలోకి సాయంత్రానికి నీళ్లు ఊరేవి, మర్నాటికి అక్కడ గుంత ఉందని పైకి తెలిసేది కాదు. కాక వారం వారం కొమ్మలు దగ్గరికి తెస్తూ వచ్చాడు. నీళ్లలో దిగే జాగా సగమైంది.

"ఏందే సర్దార్, పెండ్లి పంక్తిల కూసున్నట్టు వరుసగ కూసోవాల్నా నీళ్లల్ల?" అని మా కమిటీలో ఒకడు.

"ముసలోనికి భయం పట్టింది," అన్నాడు ఇంకొకడు. "ఇంకో నెల పోతె కొమ్మలు ఒడ్డు మీదనే పాతుతడు."

కాకతో నేను చెప్పి చూశాను. "గుంతలు నడుస్తున్నయ్ బిడ్డా, నేనేం చెయ్యాలె?" అన్నాడు. గుంతలు నడవడమేమిటని నేను నవ్వాను.

తర్వాతి ప్లేడేకి మా గని పెద్ద ఆఫీసర్లు కుటుంబాలతో వస్తామన్నారు. మొదటిసారి. జాగా చిన్నగా ఉంటే బాగుండదని నాకు దిగులు పట్టుకుంది. ఆ పొద్దున కాక కొమ్మలు పాతి, మా కూరకు చేపల కోసం వల తీసుకుని ఎగువకు వెళ్లాడు. చిన్నమ్మ ఇంట్లో ఉంది. మావాళ్లంతా హోటల్ దగ్గర ఉన్నారు. నేను చేతికర్ర తీసుకుని నీళ్లలోకి దిగాను. కొమ్మల దగ్గర నీళ్లు నడుము దాకా వచ్చాయి. ఇంకో పది అడుగులు వేసి అడుగును పొడిచాను. గట్టిగా తగిలింది. పక్కన పొడిచాను, గట్టిదే. గనిలో తట్టినట్టే నాలుగు చోట్ల తట్టి, "మంచిగుంది" అనుకున్నాను. కొమ్మలు తెచ్చి అక్కడ పాతాను.

గుంత అంచున ఇసుక కర్రకు గట్టిగానే తగులుతుందని, మనిషి బరువు సరిగ్గా అంచు మీద పడితే అంచంతా కలిసి జారుతుందని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు. నేను నిలబడ్డ చోటు అంచుకు ఒక అడుగు ఇవతలో ఏమో. లేక ఆ పూట నా అదృష్టం.

మావాళ్లు ఆఫీసర్లను వెంటబెట్టుకొచ్చి, జాగా చూసి మురిసిపోయారు. "ఇయ్యాల్ల కాక దయ తలిచిండే!" అన్నాడొకడు. నేను నవ్వి ఊరుకున్నాను. మొదటి అబద్ధం అదే, నోరు తెరవకుండా ఆడింది.

మునిగినతను నా షిఫ్టులో బొగ్గెత్తేవాడు. ఈత రాదు. బంతి నీళ్లలో పడి కొమ్మల అవతలికి కొట్టుకుపోతుంటే తెస్తానని వెళ్లాడు. చేతులు పైకెత్తి, నవ్వుతూ నడిచాడు. కొమ్మ దగ్గర ఆగాడు. హద్దు దాటలేదు. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని రెండో చెయ్యి బంతి వైపు చాచాడు. కొమ్మ, మనిషి ఒకేసారి కిందికి పోయారు. కేకలు విని కాక ఎగువ నుంచి పరుగెత్తుకొచ్చి దూకాడు. మూడోసారికి బయటికి తెచ్చాడు. అప్పటికే అయిపోయింది.

గలాటాలో మిగిలిన కొమ్మలు కూడా కొట్టుకుపోయాయి. కాక ఒడ్డున నిలబడి అడిగాడు. "నా కొమ్మ ఏడుండె?"

ఎవరో చెయ్యి చాచి చూపించారు. "గాడ్నే కాకా. నీ కొమ్మ పట్టుకునే మునిగిండు."

"గంత దూరమా?" ఆయన నీళ్ల వైపు చూశాడు, తన కాళ్ల వైపు చూసుకున్నాడు, తర్వాత నా వైపు తిరిగాడు. "సర్దార్, గంత దూరం పాతిన్నా నేను?"

చనిపోయినతని చెప్పులు వెతుకుతున్నట్టు నేను ఇసుకలోకి వంగాను.

విచారణ ఊరి బడి వసారాలో జరిగింది. నా నాలుగు జవాబులైన తర్వాత కాకను నిలబెట్టారు. "నేనే పాతిన సారూ. పొద్దున ఇసుక పండుకున్నట్టే ఉండె. నా పాదం మోసం జేసింది కావచ్చు," అన్నాడు. అప్పుడైనా లేవాల్సింది. కేసు భయం ఉంది, కాదనను. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. సర్దారు తట్టి చూసి మంచిగుందన్న చోట మనిషి పోయాడని తెలిస్తే, రేపు నా మాట మీద కప్పు కింద ఎవరు కూర్చుంటారు? ఆ ఇరవై మంది నా ముఖం చూసే చూపు మారిపోతుంది. దాని కోసం తప్పును కాక పాదం మీదే వదిలేశాను.

చనిపోయినతని తల్లి తన ఊరికి వెళ్లిపోయింది. రెండేళ్లకే ఆమె కూడా పోయిందని విన్నాను. మొదట చెప్పాల్సింది ఆమెకు. ఆ దారి మూసుకుపోయింది.

మేం ఆ ఊరికి వెళ్లడం మానేశాం. జనం ఇంకో రేవు వెతుక్కున్నారు. అడిగేవాళ్లు లేని ఒడ్డును లారీలు పూర్తిగా తీసుకున్నాయి, పుచ్చతోట పెట్టుకునే మేటలు కూడా. ఊళ్లో కాకను కొట్టలేదు, వెలివేయలేదు. వల వేయడానికి వెళ్లేటప్పుడు మాత్రం పిలవడం మానేశారు. "నీ కాలు మంచిగ లేదు కాకా, ఇంటికాడ ఉండు" అనేవాళ్లట, నవ్వుతూ. పిలిచినా ఆయన వెళ్లేవాడు కాదేమో. ఆ రోజు తర్వాత ఆయన నీళ్లలో కాలు పెట్టలేదు.

"కాక కొమ్మ" అనే మాట ఎక్కడ పుట్టిందో తెలియదు. నేను మొదటిసారి గని లోపలే విన్నాను. కప్పుకు ఆసరాగా పెట్టే దుంగను వంకరగా నిలబెట్టిన ఒకతన్ని ఇంకొకతను అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అలా ఎన్నో ఏళ్లు గడిచిపోయేవే. ఒక రోజు పని మీద మందమర్రి వెళ్లాను. బజారులో ఎండుచేపలు అమ్ముతున్న ఒకామె "సర్దార్ కాదూ?" అని పిలిచింది. చిన్నమ్మ. కూతురు దగ్గర, అల్లుడి క్వార్టరులో ఉంటున్నామని చెప్పింది.

"కాక నిన్ను యాది చేస్తనే ఉంటడు. 'అందరు నన్ను తలో మాట అన్నరు, సర్దార్ ఒక్కడే విచారణల ఉన్నది ఉన్నట్టు చెప్పిండు, ఒక్క మాట ఎక్కువ అనలె' అంటడు. ఒకపారి ఇంటికి రారాదు బిడ్డా."

ఆ కృతజ్ఞత మోయలేక వెంటనే ఆమె వెంట వెళ్లాను.

కాక మంచం మీద ఉన్నాడు. చక్కెర బీమారి. కుడికాలి రెండు వేళ్లు దవాఖానలో తీసేశారు. "రెండు కాళ్లకు స్పర్శ లేదు సర్దార్. నిప్పు మీద పెట్టినా తెల్వది," అని నవ్వాడు. చిన్నమ్మ చాయ్ పెట్టింది. నేను తాగకుండానే చెప్పాను. కర్ర, పది అడుగులు, నాలుగు కొమ్మలు, అన్నీ.

ఆయన మోచేతి మీద లేచి నా వైపు తిరిగాడు. తర్వాత, "దిగువకు జరిపినవా, లోతుకా?"

"లోతుకు."

"నేను పాతిన కాడ నీళ్లెంత?"

"నడుం దాక."

"ఇసుక?"

"కదులలె కాకా."

"పండుకున్నదన్నట్టు," అన్నాడు మెల్లగా. "పన్నెండేండ్ల సంది ఆ పొద్దు మల్ల మల్ల నడుస్తున్న నేను. ఏడ తప్పిన్నో దొరుకుతలేదు."

చిన్నమ్మ నా ముందున్న గ్లాసు తీసేసింది. "గిప్పుడా చెప్పేది? కాళ్లు పోయినంక అచ్చి కాళ్లు మంచియే అంటవా? మాకెందుకు చెప్తున్నవ్, పో, మా ఊర్లె చెప్పు. ఎవలెవలు నవ్విండ్లో వాళ్లకు చెప్పు."

"వద్దు," అన్నాడు కాక. "ఎవలున్నరు గాడ?"

తర్వాతి ప్లేడేకి ఆ ఊరు వెళ్లాను. చాయ్ హోటల్ ఉంది, హోటలాయన కొడుకు నడుపుతున్నాడు. ఒడ్డు తెగి, గోదావరి ఊరికి దగ్గరగా వచ్చింది. ఇసుక లారీ డ్రైవర్లు, నలుగురు ఊరివాళ్లు కూర్చున్నారు. నిలబడి అంతా చెప్పాను. ఒక డ్రైవరు "ఎవలే గా కాక?" అని పక్కవాణ్ని అడిగాడు. ఊరివాడొకడు, "ఔనా? గట్లనా? మరి గప్పుడే చెప్పకపోతివి," అన్నాడు, తప్పిపోయిన ఎద్దు ఎవరిదో తెలిసినంత మామూలుగా. మంచాన పడిన పాత హోటలాయన లోపలి నుంచి, "ఎవలచ్చిండ్లురా?" అని కేకేశాడు. "ఎవలో బొగ్గుబాయాయన, పాత ముచ్చట చెప్తున్నడు," అన్నాడు కొడుకు. అంతలో లారీ హారన్ మోగింది, డ్రైవర్లు లేచారు.

ఆ సంగతి కాకకు చెప్పడానికి రైల్లో మళ్లీ మందమర్రి వెళ్తుంటే తట్టింది. మొదటిసారి వెళ్లినప్పుడు కాకకు జరిగింది మొత్తం చెప్పాను గాని, తప్పయిందని ఒక్క మాట అనలేదు. షిఫ్టు అయ్యాక పైవాడికి రిపోర్టు ఇచ్చినట్టు ఇచ్చి వచ్చాను.

చిన్నమ్మ తలుపు తీసి పక్కకు తప్పుకుంది, రమ్మనలేదు. కాక గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఏమన్నరు ఊర్లె?" అన్నాడు తిరగకుండానే.

"ఏమనలె కాకా. వాళ్లకు యాదికి లేదు."

"నేను చెప్పలే?" అన్నాడు.

నేను మంచం కాళ్ల దగ్గర కింద కూర్చున్నాను. ఆయన పాదాలు పట్టుకున్నాను. ఆయనకు తెలియలేదు. అందుకని గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"కాకా, ఆ పొద్దు ఒడ్డు మీద నువ్వు నన్ను అడిగినవ్. నాకు ఎర్కనే, అయినా చెప్పలె. ఒకని పానం పోయింది నాతోని. నీ పేరు పోయింది నాతోని. మాఫ్ చెయ్యుమని అడిగె మొఖం లేదు నాకు, అయినా అడుగుతున్న. తప్పు నాది. మాఫ్ చెయ్యి కాకా. చిన్నమ్మా, నువ్వు సుత."